మద్యపు అంగడి తెర మీదికి వస్తే సౌలభ్యం ఎవరికి?

తమిళనాడులో చిన్న వర్తకుడు మద్యం సీసా అమ్మలేడు. 1983లో ఏర్పడిన తమిళనాడు రాష్ట్ర మార్కెటింగ్ సంస్థకు, అనగా మనమందరం టాస్మాక్ అని పిలిచే సంస్థకు, 2003 నవంబరు 29 నుండి చిల్లర అమ్మకం మీద కూడ గుత్తాధిపత్యం దక్కింది. అంతవరకు అంగళ్లు నడిపిన ప్రైవేటు వర్తకులు ఆనాటితో తప్పుకొన్నారు. అందుచేత ఎన్నూరులో నిలబడి “చిన్న మద్యం వర్తకునికి అంతర్జాలంలో అంగడి ఎలా కట్టాలి?” అని అడిగేవాడిని చూసి నవ్వేవారు ఉంటారు. అయితే 2020 మే నెలలో ఒక వారం పాటు, ఈ రాష్ట్రంలో మద్యం అమ్మదలిస్తే అంతర్జాలం ద్వారానే అమ్మాలని సాక్షాత్తు ఉన్నత న్యాయస్థానమే ఆదేశించిన సంగతి మనం మరచిపోయాము.

ఆ వారం కథ మొదలైంది మన సరిహద్దులోనే. మే 4న ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ మద్యం దుకాణాలు తెరిచారు. ధర మొదట 25 శాతం, మరునాటికి మొత్తం 75 శాతం పెంచారు. అయినప్పటికీ తమిళనాడు సరిహద్దు జిల్లాల నుండి జనం గుంపులు గుంపులుగా అటు నడిచారు. ఈ వలసనే కారణంగా చూపి తమిళనాడు ప్రభుత్వం మే 7న తన అంగళ్లు తెరవబోతున్నట్లు ప్రకటించింది. మద్రాసు ఉన్నత న్యాయస్థానం మే 6న కొన్ని షరతులతో ఒప్పుకొన్నది. కొనేవాడి పేరు, చిరునామా, ఆధార్ సంఖ్య బిల్లులో చేర్చాలన్నది వాటిలో ఒకటి. మే 7న అంగళ్ల ముందు ఏర్పడిన తొక్కిసలాటను దేశమంతా చూచింది. మే 8న న్యాయమూర్తులు వినీత్ కొఠారి, పుష్పా సత్యనారాయణల ధర్మాసనం అంగళ్లు మూసివేయాలని, అంతర్జాలం ద్వారా అమ్మి ఇంటికి చేర్చడానికి మాత్రం అభ్యంతరం లేదని ఉత్తర్వు ఇచ్చింది. అమ్మే పద్ధతిని నిర్ణయించడం ప్రభుత్వ విధానానికి సంబంధించిన విషయమని రాష్ట్రం సుప్రీంకోర్టుకు వెళ్లింది. మే 15న ఆ ఉత్తర్వుపై స్టే వచ్చింది. మరునాడు చాలా జిల్లాలలో అంగళ్లు తెరుచుకొన్నాయి. చెన్నై నగరంలో, నగరంలో భాగమైన మన ఎన్నూరులో, ఆగస్టు 18 దాకా తెరుచుకోలేదు.

స్టే రాకపోయి ఉంటే ఏమి జరిగేది? ఎవరో ఒక సంస్థ పది రోజులలో ఒక యాప్ తయారు చేసేది. అది ఇంగ్లీషులో ఉండేది, బహుశా తమిళంలోనూ ఉండేది. కత్తివాక్కంలో చేపల గంప దించిన తల్లి ఇంటి తలుపు ఎవరు తట్టారో తెలియక నిలబడేది. న్యాయస్థానంలో వాదన అంతా అధికారం ఎవరిదన్న దాని చుట్టూ తిరిగింది. కొనేవాడికి, అతని ఇంటివారికి ఆ తెర మీద ఏమి కనిపించాలి, ఏ భాషలో వినిపించాలి అన్న ప్రశ్న ఎవరి నోటా రాలేదు. ఆ ప్రశ్ననే ఇక్కడ వేస్తున్నాను. మద్యం మంచిదా చెడ్డదా అన్న చర్చ ఈ వ్యాసం పని కాదు. దానిపై పాఠకులకు ఎవరి అభిప్రాయం వారికి ఉన్నది, నా ఇంట్లోనే రెండు అభిప్రాయాలున్నాయి.

మా వైపు తెలుగు కుటుంబానికి చెందిన ఒక యువకుడు కంప్యూటరు తెరల రూపకల్పన చేసి జీవిస్తున్నాడు. విదేశంలో, లైసెన్సు గల చిన్న వర్తకుడు మద్యాన్ని ఇంటికి పంపడానికి చట్టం ఒప్పుకొనే చోట, ఒక కుటుంబం నడిపే అంగడికి అంతర్జాల దుకాణం రూపొందించే పని అతనికి వచ్చింది. “అన్నా, కొనేవాళ్లకి సులువుగా ఉండాలన్నారు. చట్టం కోణంలో ఒకసారి చూడండి” అని తాను గీసిన తెరలు నా ముందు పెట్టాడు. మొదటి తెరలో “మీకు తగిన వయస్సు ఉందా?” అని ఒక ప్రశ్న, అవును అని నొక్కితే తలుపు తెరుచుకొన్నట్లే. సీసా బొమ్మ పక్కన ఎర్రటి గడియారం పరుగెడుతూ “ఈ ధర ఇంక పది నిమిషాలే” అంటున్నది. బుట్ట తెరిచి చూస్తే కొనేవాడు కోరకుండానే రెండు గాజు గ్లాసులు అందులో ఉన్నాయి. రాయితీ వద్దనుకొనేవాడు “నాకు డబ్బు మిగలడం ఇష్టం లేదు” అన్న మీటను నొక్కాలి. చివరి తెరలో ప్రతి శుక్రవారం ఇదే సరుకు పంపమనే గడిలో ముందుగానే టిక్కు పెట్టి ఉన్నది.

పనితనంలో లోపం లేదు. ఇవన్నీ ఎక్కడ నేర్చుకొన్నావని అడిగితే పెద్ద పెద్ద అంగళ్ల తెరలు చూసి నేర్చుకొన్నానన్నాడు. సబ్బులకూ చెప్పులకూ వాడే ఎత్తులను సీసాకు వాడాడు, అంతే.

ఈ ఎత్తులకు మన దేశంలో చట్టం పేర్లు పెట్టింది. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న చీకటి పన్నాగాల నివారణకు మార్గదర్శకాలు వెలువరించి 13 రకాలను గుర్తించింది. లేని తొందర కల్పించడం, కోరని సరుకు బుట్టలో చేర్చడం, వద్దన్నవాడిని సిగ్గుపరచడం, చందా ఉచ్చులో దించడం, ధరను విడతలు విడతలుగా బయటపెట్టడం అందులోనివే. మన యువకుని అయిదు తెరలలో నాలుగు ఈ జాబితాలో ఉన్నాయి. అంతకుముందే 2020 జులైలో వచ్చిన ఇ-కామర్స్ నియమాలు ముందుగా టిక్కు పెట్టిన గడిని అంగీకారంగా లెక్కించరాదన్నాయి. ఫిర్యాదు అందిందని 48 గంటలలో తెలపాలని, నెల లోపల పరిష్కరించాలని కూడ నిర్దేశించాయి. అతని యజమాని ఉన్నది వేరే దేశం కనుక ఈ నియమాలు అక్కడ వర్తించవు. అయితే ఇక్కడి చిన్న అంగడి కోసం రేపు ఇదే కుర్రవాడు ఇవే తెరలు గీస్తాడు గదా!

సరుకు మద్యం అయినప్పుడు చట్టం మరొక మెట్టు ఎక్కుతుంది. మత్తు పానీయాలు రాజ్యాంగంలోని రాష్ట్ర జాబితాలో 8వ అంశం. ఆరోగ్యానికి హాని చేసే మత్తు పానీయాలను నిషేధించడానికి రాజ్యం పాటుపడాలని 47వ అధికరణం చెబుతున్నది. మద్యం వ్యాపారం ప్రాథమిక హక్కు కాదని ఖోడే డిస్టిలరీస్ కేసులో 1994లో సుప్రీంకోర్టు తేల్చింది. ఈ విషయంలో నాకు అన్నిటికంటె ముఖ్యంగా తోచేది 2016 డిసెంబరు 15 నాటి తీర్పు. తమిళనాడు ప్రభుత్వానికి, న్యాయవాది కె. బాలుకు నడుమ నడిచిన ఆ కేసులో రహదారికి 500 మీటర్ల లోపల మద్యం అంగడి ఉండరాదన్నారు. 2017లో పురపాలక ప్రాంతాలకు సడలింపు వచ్చింది గాని, ఆ తీర్పులోని ఒక మాట నాకు ఇప్పటికీ విలువైనదిగా తోస్తుంది. అంగడి రహదారిలో పోయేవాడి కంటపడరాదని, రహదారి నుండి నేరుగా లోపలికి దారి ఉండరాదని, మద్యం దొరుకుతుందని చెప్పే బోర్డులు కూడ ఉండరాదని న్యాయస్థానం చెప్పింది. దారిన పోయేవాడి బలహీనతను పిలువరాదన్నది దాని ఆంతర్యం. ఇప్పుడు ఆలోచించండి. చేతిలోని ఫోను కంటె పెద్ద రహదారి ఏమున్నది? అర్ధరాత్రి ఆ రహదారిలో “మీకు ఇష్టమైన సీసా మళ్లీ వచ్చింది” అని గంట మోగితే అది బోర్డు కాక మరేమిటి?

కనుక మద్యపు అంగడి విషయంలో ‘వాడుకరికి అనుకూలం’ అన్న మాటను మనం రెండుగా విడదీయాలి. తెలుసుకోవడం సులువు కావాలి, వద్దనడం సులువు కావాలి. కొనడం మాత్రం చేయి జారినంత సులువు కారాదు. ఈ సూత్రం చిన్న వర్తకునికి నష్టం చేయదని నా నమ్మకం. అతని దగ్గర ఉండేది నలభై యాభై రకాలు. నాలుగు వేల రకాలున్న మహా దుకాణానికి కావలసిన వెతుకుడు గడులు, సిఫారసులు, కదిలే బొమ్మలు అతనికి ఎందుకు? ఒకే పుట చాలు. పైన అంగడి పేరు, లైసెన్సు సంఖ్య, ఏ వీధుల దాకా పంపుతారు, ఏ వేళలలో పంపుతారు, యజమానికి నేరుగా మోగే ఫోను. దాని కింద సరుకుల పట్టిక, ధర క్రమంలో. బొమ్మలు చిన్నవిగా ఉంటే తక్కువ ధర ఫోనులో, సిగ్నలు సరిగా అందని చోట కూడ పుట తెరుచుకొంటుంది. చేరవేత ఖర్చుతో కలిపిన మొత్తం ధర మొదటి వరుసలోనే కనిపించాలి, చివరి తెర దాకా దాచరాదు. సరుకు లేకపోతే లేదని వ్రాయాలి. ‘సరే’ మీట ఎంత పెద్దదో ‘వద్దు’ మీట అంతే పెద్దది కావాలి. అంగడి మూసిన వేళలో ఆర్డరు తీసుకొని తెల్లవారి పంపే ఏర్పాటు పెట్టరాదు. రాత్రి రెండు గంటలకు కొనేవాడు ఏ స్థితిలో కొంటున్నాడో చెప్పనక్కరలేదు. అప్పు అసలే వద్దు. ‘ఇప్పుడు తీసుకో, తరువాత కట్టు’ అన్నది బియ్యం కొట్టులో ఉపకారం కావచ్చును, ఇక్కడ మాత్రం కాదు.

ఆ పట్టికలో మరొక వరుస ఉండాలని నేను పట్టుబడతాను. సీసాలో శుద్ధమైన మద్యసారం ఎంత అన్నది. మన దేశంలో బ్రాందీ, విస్కీ, రమ్ములు సాధారణంగా 42.8 శాతం ఘాటుతో వస్తాయి. అంటే 180 మిల్లీలీటర్ల క్వార్టరులో ఉన్న మద్యసారం సుమారు 77 మిల్లీలీటర్లు. 650 మిల్లీలీటర్ల బీరు 5 శాతంది అయితే అందులో ఉన్నది 32 చిల్లర, అదే 8 శాతం ‘స్ట్రాంగు’ అయితే 52. “బీరే కదా తాగాడు” అని సర్దిచెప్పుకొనే ఇంటిలో ఈ లెక్క తెలియదు. రెండు స్ట్రాంగు బీర్లు ఒక క్వార్టరును దాటిపోతాయి. శాతం సంఖ్య సీసా మీద చీమతలంత అక్షరాలలో ఉండనే ఉన్నది, అయితే శాతాన్ని మిల్లీలీటర్లతో హెచ్చవేసి చూసుకొని కొనేవాడు ఎవడు? తెర మీద లెక్కించి చూపడానికి పైసా ఖర్చు లేదు. ఇదీ వాడుకరికి అనుకూలం అంటే.

పొరుగున కేరళలో జరిగిన ప్రయోగం ఈ సందర్భంలో గమనించదగినది. 2020 మే 28న అక్కడ ‘బెవ్‌క్యూ’ యాప్ ద్వారా వరుస సంఖ్యలు ఇచ్చి అమ్మకం మొదలుపెట్టారు. కొచ్చికి చెందిన ఫెయిర్‌కోడ్ అనే చిన్న సంస్థ దానిని తయారు చేసింది. తొలిరోజే లక్షల మంది ఒకేసారి తట్టడంతో ఓటీపీలు రాక యాప్ మొరాయించింది. ఎంతో ఎగతాళి జరిగింది. అయితే అందులో ఒక మంచి ఆలోచన ఉన్నది. స్మార్టు ఫోను లేనివాడు మామూలు ఫోను నుండి సంక్షిప్త సందేశం పంపి కూడ వరుస సంఖ్య పొందవచ్చును. ఏ అంగడికి వెళ్లాలన్నది యాప్ నిర్ణయించేది; ప్రభుత్వ అంగళ్లతో పాటు ప్రైవేటు బార్లకు కూడ జనాన్ని పంచింది. దూరపు అంగడికి పంపుతున్నదని కొనేవారు విసుక్కొన్నారు. అవసరం తీరాక 2021 జనవరిలో దానిని ఎత్తివేశారు. ఇక ఝార్ఖండ్, ఒడిశా, పశ్చిమ బెంగాలులో అదే 2020లో స్విగ్గీ, జొమాటోలు మద్యాన్ని ఇళ్లకు చేర్చాయి. ఆ పద్ధతిలో చిన్న వర్తకుడు పేరు లేని గోదాముగా మిగిలిపోతాడని నా భయం. కొనేవాడికి తెలిసేది యాప్ పేరు, వర్తకుని పేరు కాదు. ఏదైనా తప్పు జరిగితే లైసెన్సు పోయేది మాత్రం వర్తకునికే.

వయస్సు సంగతికి వద్దాము. తమిళనాడులోను, ఆంధ్రప్రదేశ్‌లోను 21 ఏళ్లు నిండనివారికి మద్యం అమ్మరాదు. 2023 నాటి వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 18 నిండితే పెద్దవాడంటున్నది. పందొమ్మిదేళ్లవాడు తన సమాచారం ఇవ్వడానికి పెద్దవాడు, సీసా కొనడానికి చిన్నవాడు! కనుక తెర మీది ‘అవును’ మీట పనికిరాదు. అలాగని చిన్న అంగడి ప్రతివాడి ఆధార్ సంఖ్యను తన పుస్తకంలో పోగుచేయడానికి కూడ నేను ఒప్పుకోను. ప్రైవేటు సంస్థలు ఆధార్‌ను నిర్బంధంగా అడగడాన్ని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 26 నాటి తీర్పులో కట్టడి చేసింది. ఎవరు ఎన్ని సీసాలు తాగారన్న జాబితా ఒక వీధి అంగడి కంప్యూటరులో ఉండడం ఏ కుటుంబానికీ క్షేమం కాదు. పెళ్లిచూపుల నాడు ఆ జాబితా ఎవరి చేతికి చిక్కుతుందో ఎవరు చెప్పగలరు? వయస్సు పరీక్ష గుమ్మంలో జరగాలి. తెచ్చినవాడు గుర్తింపు కార్డు చూడాలి, సంఖ్య రాసుకోకుండా తిరిగి ఇచ్చివేయాలి.

గుమ్మం దగ్గరే మరొక చిక్కు ఉన్నది. ఎన్నూరులో రేవు పనికో, కర్మాగారపు షిఫ్టుకో, కడలి మీదికో వెళ్లినవాడు ఇంట్లో ఉండడు. తలుపు తీసేది భార్య, లేదా తల్లి, లేదా ఎనిమిదో తరగతి చదివే బిడ్డ. బిడ్డ చేతికి ఇవ్వరాదన్నది తేలిక. పెద్దవాళ్లు ఉంటే? భార్య ఫోను చేసి భర్త ఖాతా మూయించగలగాలని మహిళా సంఘాల మిత్రులు నాతో వాదించారు. వారి బాధ నాకు తెలుసు, అయినా ఒప్పుకోలేకపోయాను. వయోజనుని ఖాతాపై మరొకరికి అధికారం ఇస్తే రేపు అదే అధికారం భార్య ఖాతా మీద భర్తకు వస్తుంది. అయితే గుమ్మం ఇంటివారందరిది. ఇంట్లో ఉన్న పెద్ద ఎవరైనా “మాకు వద్దు, తీసుకుపో” అంటే ఆ సీసా వెనక్కి పోవాలి, చెల్లించిన సొమ్ము చెల్లించినవారికే తిరిగి చేరాలి. కారణం అడగరాదు. ఆ మాట అనే హక్కు ఉన్నదని సంచి మీద, తెలుగులోను తమిళంలోను, పెద్ద అక్షరాలతో అచ్చువేయాలి. అదే విధంగా తాగేవాడు తానై “ఆరు నెలలు నాకు అమ్మకండి” అని తాళం వేసుకొనే మీట మొదటి పుటలోనే ఉండాలి. వేసిన తాళం ఆరు నెలలకు ముందు తెరుచుకోరాదు.

ఈ పత్రికలో ఈ విషయం ఎందుకని అడిగేవారికి సమాధానం భాష దగ్గర దొరుకుతుంది. 2023 నాటి సమాచార రక్షణ చట్టం మనకు ఒక చిన్న ఆయుధం ఇచ్చింది. సమాచారం సేకరించేవాడు అంగీకారం అడిగేటప్పుడు ఆ విన్నపాన్ని ఇంగ్లీషులో గాని, ఎనిమిదవ షెడ్యూలులోని ఏ భాషలో గాని చదువుకొనే అవకాశం ఇవ్వాలి. తెలుగు ఆ షెడ్యూలులో ఉన్నది. నివసించే రాష్ట్రం ఏదన్న నిబంధన అక్కడ లేదు. 2025 నవంబరులో నియమాలు వెలువడ్డాయి, ఈ బాధ్యతలు దశలవారీగా అమలులోకి వచ్చేటట్లు నిర్ణయించారు. కాని తమాషా చూడండి. మీ ఫోను నంబరు తీసుకోవడానికి మీ అనుమతిని తెలుగులో అడగాలి. ఆ సీసా ధరను, అందులోని ఘాటును, దానివలన కలిగే హానిని తెలుగులో చెప్పాలన్న నిర్బంధం లేదు. ప్యాకెట్ల నియమాల ప్రకారం ధర, పరిమాణం మొదలైనవి దేవనాగరి హిందీలో గాని ఇంగ్లీషులో గాని ఉంటే చాలును, ఇతర భాషలు అదనం. మద్యపానం ఆరోగ్యానికి హానికరమన్న హెచ్చరిక 2019 ఏప్రిల్ నుండి ఇంగ్లీషులో తప్పనిసరి అయ్యింది. రాష్ట్రం కోరుకొంటే తన భాషలో వేయించుకోవచ్చును. రాష్ట్ర భాష కాని భాష మాట్లాడేవాడి కాలేయం గురించి ఏ నియమమూ ఆలోచించలేదు.

తెలుగు అక్షరాలు పెట్టినంత మాత్రాన పని పూర్తి అవుతుందా అంటే అదీ లేదు. 2006 నాటి తమిళ అభ్యసన చట్టం ఒకటో తరగతితో మొదలై ఏటేటా పైకి ఎక్కింది. ఆ 2006-07లో ఒకటిలో చేరిన బిడ్డలకు 2021-22 ప్రాంతంలో 21 ఏళ్లు నిండాయి. అంటే ఇవాళ ఈ రాష్ట్రంలో మద్యం కొనడానికి చట్టం ఒప్పుకొనే వయస్సు వచ్చిన మన పిల్లలలో ఎందరో ఇంట్లో తెలుగు మాట్లాడతారు, తెలుగు చదవలేరు. వారి తాతకు తెలుగు వచ్చును, తమిళం కూడబలుక్కొంటాడు. అమ్మకు మాట మాత్రమే వచ్చును. ఒక్క ఇంటికి మూడు దారులు కావాలి: తమిళ అక్షరం, తెలుగు అక్షరం, తెలుగు గొంతు. మూడవది మన ఉద్యమం కూడ తరచుగా మరచిపోతుంది. ఫిర్యాదు ఎలా చేయాలి, సరుకు ఎలా తిప్పిపంపాలి, తాళం ఎలా వేసుకోవాలి అన్నవి నొక్కితే తెలుగులో వినిపించాలి. అదీ ఫోను చెవికి ఆనించుకొంటేనే. వీధి వినేటట్లు “రెండు క్వార్టర్లు” అని అరిచే యంత్రాన్ని ఎవరు భరిస్తారు?

ఆ తెలుగు ఏ తెలుగు కావాలన్నది కూడ చెప్పుకోవాలి. హైదరాబాదులో అనువాదం చేయించి తెచ్చిన ‘చెల్లింపు ప్రక్రియను నిర్ధారించండి’ మా వీధిలో ఎవరికీ పలకదు. క్వార్టరును క్వార్టరనే, ఆఫును ఆఫనే వ్రాయాలి. ‘బుట్ట’, ‘మొత్తం’, ‘సరే’, ‘వద్దు’, ‘గొడవ చెప్పుకోండి’ అంటే సరిహద్దుకు రెండు పక్కలా అర్థమవుతుంది. నేను వ్రాసే ఈ వ్యాసపు భాష ఆ తెరకు పనికిరాదు.

సరిహద్దు దాటి తడ, సూళ్లూరుపేట, సత్యవేడు వైపు చూస్తే చిన్న వర్తకుడు మళ్లీ కనిపిస్తాడు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరు నుండి ప్రభుత్వమే నడిపిన దుకాణాలు పోయి, 2024 అక్టోబరు 16న 3,396 ప్రైవేటు దుకాణాలు లాటరీ పద్ధతిన వచ్చాయి. కల్లుగీత కులాలకు విడిగా 340 కేటాయించారు. లైసెన్సు నిర్దిష్టమైన కట్టడానికి ఇస్తారు కనుక ఇంటింటి అమ్మకం గురించి ఎవరూ ఆశపడనక్కరలేదు. కాని ధరల పుట, సమాచార పుట నడపడానికి ఏమి అడ్డం? 2025 అక్టోబరులో ములకలచెరువు నకిలీ మద్యం వ్యవహారం బయటపడిన తరువాత అక్కడి ప్రభుత్వం ‘ఎక్సైజ్ సురక్ష’ యాప్ తెచ్చింది. సీసా మూత మీది క్యూఆర్ కోడ్ చూపితే అది అసలుదో కాదో తెలుస్తుంది. 2023లో మరక్కాణం దగ్గర, 2024లో కళ్లకురిచిలో విషసారా కుటుంబాలకు కుటుంబాలను మింగిన తరువాత, కళ్లకురిచిలోనే 60 మందికి పైగా చనిపోయిన తరువాత, ఈ ఒక్క సౌకర్యాన్ని నేను విలాసంగా చూడలేను. సరిహద్దు వర్తకుడు తన పుటలో ఇది ఎలా వాడాలో చూపాలి. సీసాను రాష్ట్రం దాటిస్తే తమిళనాడు మద్యనిషేధ చట్టం కింద కేసు కావచ్చునని కూడ అక్కడే వ్రాయాలి. బంధువుల పెళ్లికి వెళ్లి వస్తూ ఆరంబాక్కం దగ్గర బండి ఆపించుకొన్న కుర్రవాళ్ల తల్లిదండ్రులు నా కార్యాలయానికి వచ్చినప్పుడు “ఎవరూ చెప్పలేదు” అనే అంటారు. ఈ పుట తెలుగుతో పాటు తమిళంలోనూ ఉండాలి. సత్యవేడు, నగరి ప్రాంతపు తమిళుల అవసరం ఎన్నూరు తెలుగువారి అవసరం వంటిదే. అక్కడ వారికి ఇవ్వనిది ఇక్కడ మనం అడగడం న్యాయవాదిగా నాకు చేతకాదు.

తిరిగి ఎన్నూరు. టాస్మాక్ రేపు తెర మీదికి వస్తుందో రాదో తెలియదు. 2023 జూన్‌లో 500 అంగళ్లు మూసిన తరువాత కూడ 4,829 మిగిలిన సంస్థ అది. 2024-25లో రాష్ట్ర ఖజానాకు దాని ద్వారా వచ్చినది 48,344 కోట్ల రూపాయలు. అంత పెద్ద అంగడి ఒక రోజు మీట నొక్కితే వచ్చే తెర ఎలా ఉండాలో ముందుగానే చెప్పడం మన పని. 1956 నాటి కేంద్ర ప్రభుత్వ పత్రం ప్రకారం ఒక పురపాలక ప్రాంతంలో 15 నుండి 20 శాతం ఉన్న అల్పసంఖ్యాకుల భాషలో ముఖ్యమైన ప్రకటనలు వెలువరించాలి. ఇక్కడే 2011లో మనకు తెలియకుండా ఒక దెబ్బ తగిలింది. కత్తివాక్కం, తిరువొత్తియూరు పురపాలక సంఘాలను చెన్నై నగరపాలక సంస్థలో కలిపినప్పుడు, మన శాతం ఎంతైనా కానీయండి, భాగించే సంఖ్య ఒక్కసారిగా నగరమంత అయ్యింది. ఇప్పుడు శాతం అడగడానికి వెళితే గెలవలేము. వార్డును ప్రమాణంగా తీసుకోవాలని అడగాలి.

అంతవరకు ఉన్న అంగడి దగ్గరే మొదలుపెట్టవచ్చును. సీసా మీద ముద్రించిన ధర కంటె పది రూపాయలు ఎక్కువ తీసుకొంటున్నారన్న ఫిర్యాదు ఈ రాష్ట్రంలో పాతదే. ఖాళీ సీసా తిరిగి ఇస్తే పది రూపాయలు వాపసు ఇచ్చే పద్ధతి 2022లో ఉన్నత న్యాయస్థానం ఆదేశంపై నీలగిరిలో మొదలై తరువాత ఇతర జిల్లాలకు పాకింది. సీసాలు ఏరి బ్రతికే ఆడవారికి ఆ పదిరూపాయల లెక్క వారి మాటలో చెప్పే బోర్డు కావాలి. బిల్లు ఇవ్వాలి, ఫిర్యాదు ఫోనులో తెలుగు పలకాలి, హెచ్చరిక తెలుగులో వినిపించాలి అని ఒక అర్జీ టాస్మాక్ మేనేజింగ్ డైరెక్టరుకు, దాని నకలు రాజ్యాంగం 350-బి అధికరణం కింది భాషా అల్పసంఖ్యాకుల కమిషనరుకు పంపుదాము. అర్జీకి బలం కాగితాలతో వస్తుంది. తాగేవారిని గాని, తాగేవారి ఇంటివారిని గాని నేను అడిగేది ఒక్కటే: ఒక నోటుపుస్తకంలో తేదీ, అంగడి సంఖ్య, సీసా మీది ధర, చేతిలో తీసుకొన్న ధర, ఈ నాలుగూ వ్రాసి పెట్టండి. బిల్లు ఇస్తే అంటించండి, ఇవ్వకపోతే ఇవ్వలేదని వ్రాయండి. పేరు వ్రాయనక్కరలేదు. తెలుగులో వ్రాసినా సరే, తమిళంలో వ్రాసినా సరే.